బిడ్డే వద్దన్న తల్లి, ఆడబిడ్డ వద్దన్న ఇల్లు
(గర్భస్రావ సౌకర్యానికీ శిశుహత్యలకూ మధ్య సంబంధం: స్మారకోపన్యాస పాఠం)

గర్భస్రావానికి చట్టమూ వైద్యమూ దారి ఇచ్చినచోట శిశుహత్యలు తగ్గుతాయా, లేక కడుపులోని ప్రాణం చులకనైనకొద్దీ ఒడిలోని ప్రాణానికీ విలువ తగ్గుతుందా అన్న ప్రశ్న న్యాయశాస్త్రంలోనూ వైద్యంలోనూ జనాభా అధ్యయనాలలోనూ ఎంతోకాలంగా నలుగుతూ ఉన్నది. రెండు పక్షాలవారి చేతిలోనూ అంకెలున్నాయి. ఇంగ్లాండు న్యాయస్థానాల చరిత్ర చూసినవారికి మొదటిది నిజమనిపిస్తే, భారతదేశపు జనగణన పట్టికలు చూసినవారికి రెండవది నిజమనిపిస్తుంది. ఈ ఉపన్యాసం ప్రతిపాదించేది ఏమిటంటే, అక్కడ ఉన్నది ఒక ప్రశ్న కాదు, ఒకే మూటలో కట్టిన రెండు ప్రశ్నలు. బిడ్డే వద్దనుకున్న తల్లి నిస్సహాయతలో జరిగే హత్య ఒకటి. బిడ్డ కావాలి కాని ఆడబిడ్డ వద్దనుకున్న ఇంటి లెక్కలో జరిగే హత్య మరొకటి. గర్భస్రావ సౌకర్యం మొదటిదానికి కారణమైన నిస్సహాయతనే తొలగించగలదు. రెండవదానికి వేళను ముందుకు జరపడం తప్ప అది చేయగలిగింది చాలా తక్కువ. ఈ తేడాను పట్టించుకోని చట్టాలు మొదటి స్త్రీని ఇబ్బంది పెడుతూనే రెండవ ఇంటి ఆడబిడ్డను కాపాడలేకపోయాయి.

కందుకూరి వీరేశలింగం పంతులు స్మృతిలో జరిగే సభకు ఈ విషయం పరాయిది కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన జరిపించిన తొలి వితంతు వివాహం పాఠ్యపుస్తకాలకెక్కింది గాని, దాని వెనుక ఉన్న వాదంలో సగం ఎక్కలేదు. వంగదేశంలో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లోనూ, ఆ తర్వాత తెలుగునాట వీరేశలింగం ప్రభృతులూ వితంతు వివాహాన్ని సమర్థించినప్పుడు శాస్త్రప్రమాణాలతోపాటు ఒక లౌకిక కారణాన్ని కూడా ముందుకు తెచ్చారు: పునర్వివాహానికి దారి మూసివేసిన ఇళ్లలో గుట్టుగా కడుపులు పోగొట్టడం, అది కుదరనప్పుడు పుట్టిన పసికందును కడతేర్చడం జరుగుతున్నాయన్నదే ఆ కారణం. గర్భస్రావాన్నీ శిశుహత్యనూ ఒకే కష్టానికి ముందు వెనుకల రూపాలుగా చూసిన ఆ దృష్టి సంస్కర్తలది. దానిని అంకెలతో పరీక్షించే పని తర్వాతి తరాలవారిది అయింది.

ముందుగా మాటల అర్థాలు స్థిరపరచుకోవాలి. గర్భస్రావం అన్నది ఇక్కడ కావాలని చేయించుకున్నదానికే వర్తిస్తుంది. దానంతట అది జరిగేది ఈ చర్చలోకి రాదు. శిశుహత్య అంటే సాధారణంగా ఏడాదిలోపు బిడ్డను చంపడం. అయితే అమెరికన్ మనోవైద్యుడు ఫిలిప్ రెస్నిక్ 1970లో, పుట్టిన 24 గంటలలోపు జరిగే హత్యను తక్కిన వాటి నుంచి విడదీసి దానికి వేరే పేరు పెట్టాడు. తెలుగులో దానిని తొలిరోజు హత్య అనుకోవచ్చు. పెద్ద పిల్లలను చంపిన తల్లిదండ్రులలో మనోవ్యాధి తరచుగా కనిపిస్తే, తొలిరోజు హత్యలో ఎక్కువగా కనిపించేది పెళ్లికాని చిన్నవయసు తల్లి, దాచిపెట్టిన గర్భం, ఒంటరి పురుడు. ఈ విభజన ముఖ్యం, ఎందుకంటే గర్భస్రావ సౌకర్యంతో నేరుగా ముడిపడేది ఈ తొలిరోజు హత్యే. అందుబాటు అన్న మాటను కూడా జాగ్రత్తగా వాడాలి. చట్టం అనుమతించడం వేరు, మండల కేంద్రంలోని ఆసుపత్రిలో డాక్టరూ మందూ దొరకడం వేరు. ఆ డాక్టరు దగ్గరికి వెళ్లినట్టు నాలుగిళ్లకు తెలియకుండా ఉండడం ఈ రెండింటికన్నా వేరు.

లెక్కపెట్టడం ఈ విషయంలో అతి కష్టమైన పని. ఏ నేరానికైనా శవం సాక్ష్యం చెబుతుందంటారు, కాని తొలిరోజు హత్యలో శవం కూడా స్పష్టంగా మాట్లాడదు. బిడ్డ ప్రాణంతో పుట్టి చంపబడిందా, చనిపోయే పుట్టిందా అన్నది తేల్చడానికి ఐరోపా వైద్యులు 17వ శతాబ్దం చివరి నుంచి ఒక పరీక్ష చేసేవారు: శిశువు ఊపిరితిత్తులను కోసి తీసి నీటితొట్టెలో వేస్తారు, తేలితే బిడ్డ ఊపిరి పీల్చినట్టు, మునిగితే పీల్చనట్టు. కుళ్లు మొదలైన శవంలో పుట్టే వాయువు వల్ల, ప్రాణం పోయలేమా అని మంత్రసాని నోటితో ఊదిన గాలి వల్ల కూడా ఊపిరితిత్తులు తేలవచ్చునని తెలిసిన తర్వాత కూడా, ఒక స్త్రీ ప్రాణం ఆ తొట్టెలోని మాంసపు ముక్క మీద ఆధారపడి ఉండేది. న్యాయస్థానాల రికార్డులు ఈ తీరున తయారైనవి కాబట్టి, వాటిలో శిశుహత్యలు తగ్గాయంటే నిజంగా తగ్గాయా, లేక జ్యూరీలు శిక్షించడానికి మనసొప్పక నిర్దోషులని తేల్చాయా అన్న సందేహం ఎప్పుడూ మిగిలే ఉంటుంది. ఆ సందేహం వల్లనే పండితులు చివరకు శవాలను వదిలి జననాల లెక్కల వైపు, పుట్టవలసి ఉండీ పట్టికలలో కనిపించని పిల్లల వైపు తిరిగారు.

ఇంగ్లాండు చట్టాల క్రమం ఇక్కడ ప్రత్యేకంగా గమనించదగినది. 1624 నాటి చట్టం ప్రకారం, పెళ్లికాని స్త్రీ తన బిడ్డ మరణాన్ని దాచిపెడితే, బిడ్డ చనిపోయే పుట్టిందని కనీసం ఒక సాక్షి చెప్పితే తప్ప, ఆమె హంతకురాలే; ఒంటరిగా పురుడు పోసుకున్న స్త్రీకి సాక్షి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నను ఆ చట్టం అడగలేదు. ఆ కఠినత్వమే జ్యూరీల మనసును మార్చింది, శిక్షలు క్రమంగా అరుదైపోయాయి. చివరకు 1803లో ఎలెన్‌బరో ప్రభువు పేరున్న చట్టం దానిని రద్దుచేసి, హత్య రుజువు కాకపోయినా పుట్టుకను దాచినందుకు రెండేళ్లకు మించని జైలుశిక్ష వేయవచ్చునన్నది. అదే చట్టం, అవే పుటలలో, గర్భస్రావాన్ని ఇంగ్లాండులో మొట్టమొదటిసారిగా శాసనబద్ధమైన నేరం చేసి, బిడ్డ కదలిక తెలిసిన తర్వాత చేసేదానికి మరణశిక్ష విధించింది. ఒక చేత్తో సడలించి ఇంకో చేత్తో బిగించిన ఈ చట్టాన్ని చరిత్రకారులు రెండు వేర్వేరు అధ్యాయాలలో చర్చించడం విచిత్రమే. ఇంట్లో వంటపనికి కుదిరి యజమాని కొడుకు వల్ల గర్భవతి అయిన పదిహేడేళ్ల పనిపిల్లకు అవి రెండూ ఒకే తలుపుకు పెట్టిన రెండు గడియలు. 1834 నాటి పేదల చట్టం, పెళ్లికాకుండా పుట్టిన బిడ్డ పోషణభారాన్ని తండ్రి మీద నుంచి తీసి ప్రధానంగా తల్లి మీద పెట్టిన తర్వాత పరిస్థితి ఇంకా దిగజారింది. డబ్బు తీసుకుని పసికందులను పెంచుతామంటూ పత్రికలలో ప్రకటనలిచ్చి వారిని ఆకలితో మాడ్చి చంపే వ్యాపారం ఎంతగా పెరిగిందంటే, దానిని అదుపు చేయడానికి 1872లో ప్రత్యేకంగా ఒక చట్టం చేయవలసివచ్చింది.

ఇంగ్లాండులో గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసిన 1967 చట్టం అమలులోకి వచ్చింది 1968 ఏప్రిల్ 27న. విక్టోరియా కాలంలో అంతగా కలవరపెట్టిన శిశుహత్య అప్పటికి ఎన్నో దశాబ్దాల ముందే బాగా తగ్గిపోయింది. 1922, 1938 సంవత్సరాల శిశుహత్య చట్టాలు పురిటి తర్వాత మనసు చెదిరిన తల్లిని హంతకురాలిగా కాక తక్కువ నేరం చేసినదానిగా చూడడం, 1926లో దత్తత చట్టబద్ధం కావడం, గర్భనిరోధక సాధనాల వాడకం పెరగడం, శిక్షణ పొందిన మంత్రసానులు పల్లెలకు చేరడం, వీటన్నిటితోపాటు చాటుమాటు గర్భస్రావం విస్తృతం కావడం, ఇవన్నీ కలిసి ఆ తగ్గుదలకు కారణమయ్యాయి. అందువల్ల 1967 చట్టానికి ముందూ తరువాతా అని ఒక గీత గీసి శిశుహత్యల తగ్గుదలను అంతా దాని ఖాతాలో వేసేవారి వాదం నిలవదు. అయితే అదే చరిత్ర వారి ప్రత్యర్థుల వాదాన్ని ఇంకా పూర్తిగా కొట్టివేస్తుంది. గర్భస్రావాలు పెరిగిన ఆ వందేళ్లలో పసిపిల్లల ప్రాణం చులకన కాలేదు, అంతకుముందు ఎన్నడూ లేనంత విలువైనదైంది.

జపాన్ అనుభవం దీనికి దగ్గరగా ఉండి కొంత తేడాగా నడిచింది. తొకుగావా కాలంలో, ముఖ్యంగా తూర్పు జపాన్ పల్లెలలో, పసికందులను తొలగించడాన్ని మబికి అనేవారు. వరినారు ఒత్తుగా ఉన్నచోట కొన్ని మొక్కలు పీకి పలచబరచడం ఆ మాటకు అర్థం. అక్కడ ఆ పని చేసినవారిలో ఎక్కువమంది పరువు పోతుందని భయపడిన పెళ్లికాని తల్లులు కారు, భూమికీ నోళ్లకూ లెక్క సరిచూసుకున్న సంసారులు. స్థానిక ప్రభువులు గర్భిణుల జాబితాలు రాయించి, బిడ్డను పెంచుకునేవారికి ధనసహాయం చేసి ఆ ఆచారాన్ని 19వ శతాబ్దంలోనే చాలావరకు తగ్గించగలిగారు. యుద్ధంలో చితికిపోయిన దేశంలో 1948 నాటి చట్టం, దానికి 1949లో చేర్చిన ఆర్థిక కారణాల నిబంధన గర్భస్రావానికి తలుపులు తెరవగా, 1955లో నమోదైనవే 11 లక్షలు దాటాయి; 1947లో వెయ్యి జనాభాకు 34 ఉన్న జననాల రేటు పదేళ్లలో 17కు దిగింది. అంత విస్తృతమైన సౌకర్యం ఉన్న ఆ దేశంలోనే 1970లలో రైల్వేస్టేషన్లలో నాణెం వేసి సామాను దాచుకునే లాకర్లలో పసికందుల శవాలు దొరకడం మొదలైంది. ఆ తల్లులకు చట్టం అడ్డురాలేదు, డబ్బు కూడా చాలామందికి అడ్డు కాకపోవచ్చు. తమకు కడుపు వచ్చిందని ఎవరితోనూ, ఒక్కోసారి తమతో తామే, ఒప్పుకోలేకపోవడం అడ్డువచ్చింది. 2007లో కుమామోతో నగరంలోని ఒక ఆసుపత్రి పేరు చెప్పకుండా బిడ్డను అప్పగించడానికి గోడలో ఒక చిన్న తలుపు ఏర్పాటు చేసింది ఇలాంటివారి కోసమే.

దీనికి ఎదురుగా రుమేనియా నిలుస్తుంది. 1966లో అక్కడి ప్రభుత్వం 770వ డిక్రీతో గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించిన మరుసటి సంవత్సరమే ఒక్కో స్త్రీకి సగటు సంతానం 1.9 నుంచి 3.7కు ఎగిరింది. ఆ నిషేధం 1989 డిసెంబరు చివర రద్దయ్యేనాటికి చాటుమాటు గర్భస్రావాలలో వేలాదిమంది స్త్రీలు చనిపోయారు, లక్షకు పైగా పిల్లలు అనాథాలయాలలో ఉన్నారు. నీళ్లు, తిండి, పలకరింపు కరువై ఇనుప మంచాలలో పడి ఉన్న ఆ పిల్లలలో ఎంతమంది మరణాలు ఏ పోలీసు రికార్డులోనూ శిశుహత్యలుగా నమోదు కాలేదో ఆలోచిస్తే, హత్య అన్న మాటకు ఉన్న చట్టపరమైన ఇరుకు అర్థం మీదనే ఈ చర్చ అంతా నడపడం ఎంత అసంపూర్ణమో తెలుస్తుంది.

భారతదేశంలో బిడ్డే వద్దన్న స్థితికి 19వ శతాబ్దంలో ముఖ్యరూపం వితంతువు. 1863లో జోతిరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు పూనాలో తమ ఇంటి ఆవరణలో, గర్భవతులైన వితంతువులు ఎవరికీ తెలియకుండా వచ్చి పురుడు పోసుకుని వెళ్లడానికి ఒక ఇల్లు ఏర్పాటు చేశారు. బాలహత్యా ప్రతిబంధక గృహమన్న దాని పేరే దాని ఉద్దేశాన్ని దాచకుండా చెప్పింది. అక్కడికి వచ్చిన ఒక వితంతువు బిడ్డ యశ్వంతుణ్నే ఆ దంపతులు పెంచుకున్నారు. 1881లో, అంటే రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిగిన సంవత్సరంలోనే, సూరత్ ప్రాంతంలో విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకు తన పసికందును చంపినందుకు మరణశిక్ష పడింది. పైకోర్టు దానిని యావజ్జీవ ద్వీపాంతరంగా మార్చగా, తర్వాత అది అయిదేళ్లకు తగ్గింది. ఆ కేసుపై పత్రికలలో స్త్రీల నీతిని గురించి సాగిన ఉపదేశాలకు జవాబుగా మరుసటి ఏడు తారాబాయి షిండే మరాఠీలో రాసిన స్త్రీపురుష తులన, బిడ్డకు తండ్రి అయినవాడు ఆ బోనులో ఎందుకు లేడని నిలదీసింది. వితంతువుకు పెళ్లి దారి తెరవమన్నవారు, పురుటికి గుట్టయిన చోటు కల్పించినవారు, శిక్ష ఎందుకని అడిగినవారు, ముగ్గురూ చూసింది ఒక గడియను తీసే మార్గమే. గర్భస్రావం నాలుగవ మార్గమని అప్పటికి ఎవరూ బహిరంగంగా అనలేదు, అనగలిగే పరిస్థితీ లేదు. 1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షన్ ప్రకారం తల్లి ప్రాణాన్ని కాపాడడానికి తప్ప అది నేరం.

ఆ నాలుగవ మార్గం చట్టంలోకి రావడానికి వందేళ్లు పైన పట్టింది. 1964లో మహారాష్ట్ర ఆరోగ్యమంత్రి శాంతిలాల్ షా అధ్యక్షతన ఏర్పాటైన సంఘం 1966లో ఇచ్చిన నివేదిక, దేశంలో ఏటా 39 లక్షల గర్భస్రావాలు కావాలని చేయించుకున్నవేనని అంచనా వేసింది. ఆ నివేదిక ఆధారంగా వచ్చిన 1971 చట్టం 1972 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, 20 వారాల దాకా వైద్యుల నిర్ణయంపై గర్భం తీయించుకునే వీలు కల్పించింది. అయితే గర్భనిరోధక సాధనం విఫలమైతే అన్న కారణాన్ని వివాహితకే పరిమితం చేయడంతో, వితంతువుకూ పెళ్లికాని అమ్మాయికీ ఆ తలుపు సగమే తెరుచుకుంది. విజయలక్ష్మి వంటి స్త్రీ 1972 తర్వాత బతికి ఉన్నా చట్టం అక్షరంలో ఆమెకు చోటు అనుమానమే. 2021 సవరణ భర్త అన్న మాట తీసి భాగస్వామి అన్న మాట చేర్చగా, 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు 20 నుంచి 24 వారాల మధ్య దశలో కూడా పెళ్లి అయిందా కాలేదా అన్న భేదం చూపరాదని తేల్చిన తర్వాతే ఆ లోపం తీరింది.

ఇక రెండవ ప్రశ్న. ఆడబిడ్డ వద్దనుకున్న ఇంట్లో జరిగే హత్యకు ఈ దేశంలో వేరే చరిత్ర ఉన్నది. 1789లో కాశీ రెసిడెంటు జోనాథన్ డంకన్ జౌన్‌పూర్ ప్రాంతపు రాజకుమార వంశీయులలో ఆడశిశువులను చంపే ఆచారాన్ని ప్రభుత్వం దృష్టికి తెచ్చినప్పుడు, ఆ ఇళ్లవారు దానిని పెద్దగా దాచలేదు. ఇక్కడి తల్లి పెళ్లయినది, గర్భం అందరికీ తెలిసినది, పురిటికి మంత్రసాని ఇంటికే వచ్చినది. గుట్టు, పరువు, ఒంటరితనం అన్నవి ఏవీ కారణాలు కావు. కట్నం భారం, ఎక్కువ హోదా ఇంటికి పిల్లనివ్వవలసిన నియమం, ఆస్తి మగసంతానానికే దక్కాలన్న పట్టుదల, ఇవి కారణాలు. 1870లో దీనికోసమే చేసిన చట్టం అనుమానం ఉన్న కుటుంబాలలో జననాలను నమోదు చేయించి నిఘా పెట్టింది గాని, కట్నం లెక్కను మార్చలేకపోయింది. డంకన్ కాలానికి దాదాపు రెండు శతాబ్దాల తర్వాత, 1986లో మధురై ప్రాంతపు ఉసిలంపట్టి నుంచి అదే కథ పత్రికలకెక్కింది. తమిళనాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల రిజిస్టర్లలో, ఆడశిశువు మరణకారణం రాసే గడిలో, జ్వరం, విరేచనాలు అన్నవాటి పక్కన 'సామాజిక కారణాలు' అని రాసిన నమోదులు తర్వాత పరిశోధకుల కంటబడ్డాయి. తెలిసి తెలిసి రాసిన ఆ రెండు మాటల్లో గ్రామ ఆరోగ్య కార్యకర్తల నిజాయితీ, నిస్సహాయత రెండూ ఉన్నాయి. 1992లో సేలంలో మొదలైన తొట్టిల్ పథకం, అంటే ఊయలలో బిడ్డను వదిలివెళ్లే ఏర్పాటు, దానికి జవాబు. తెలంగాణలో 1999, 2001 సంవత్సరాలలో దేవరకొండ చుట్టుపక్కల తండాల నుంచి ఆడశిశువులను కొని దత్తత పేరిట అమ్మిన వ్యవహారాలు బయటపడినప్పుడు, చంపకపోతే అమ్మడం, అమ్మకపోతే వదిలేయడం అన్న వరుసలో పేదరికం ఏ మేరకు పనిచేస్తున్నదో ప్రభుత్వానికి చూడక తప్పలేదు.

ఉసిలంపట్టి పత్రికలకెక్కేనాటికే దేశంలోని పట్టణాలలో ఇంకో వ్యాపారం వేళ్లూనుకుంది. 1970ల చివర అమృత్‌సర్ వంటి నగరాలలో ఉమ్మనీటి పరీక్షతో, ఆ తర్వాత ఊరూరా వచ్చిన స్కానింగ్ యంత్రంతో కడుపులోని బిడ్డ ఆడా మగా చెప్పడం మొదలై, రేపటి కట్నం వేలకు బదులు ఈరోజు వందలు ఖర్చు పెట్టుకోవచ్చునన్న ధోరణిలో ప్రకటనలు వెలిశాయి. ఆరేళ్లలోపు వెయ్యిమంది మగపిల్లలకు ఎంతమంది ఆడపిల్లలు ఉన్నారన్న బాలల లింగనిష్పత్తి దేశం మొత్తం మీద 1991లో 945 ఉండగా 2001లో 927కు, 2011లో 918కి దిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 975 నుంచి 961కి, అక్కడి నుంచి 939కి జారింది. దక్షిణాదిలో ఈ జబ్బు లేదని చెప్పుకునేవారికి ఆ చివరి అంకె చాలు. గమనించవలసింది, ఈ తగ్గుదల తెచ్చిన కుటుంబాలలో చాలా భాగం పుట్టిన ఆడబిడ్డ గొంతు నొక్కగలిగేవి కావు. చదువుకున్నవి, ఉద్యోగాలున్నవి, పట్టణాలలోవి. పసికందును చంపడానికి పల్లెల్లో వాడే వడ్లగింజకూ జిల్లేడుపాలకూ చేయి రాని ఇళ్లలో కూడా స్కానింగ్ గదికి కాలు వచ్చింది.

ఈ తేడాకు అతి స్పష్టమైన కొలత తైవాన్ నుంచి దొరికింది. అక్కడ గర్భస్రావం 1985లో చట్టబద్ధమై, సరిగ్గా ఆ రోజుల్లోనే స్కానింగ్ అందరికీ అందింది. 2014లో ప్రచురితమైన ఒక ఆర్థికశాస్త్ర అధ్యయనంలో లిన్, లియు, చియాన్ అనే ముగ్గురు పరిశోధకులు జనన, మరణ నమోదులను జోడించి చూడగా, మూడవ బిడ్డ, నాలుగవ బిడ్డ వంటి తర్వాతి కాన్పులలో పుట్టే మగపిల్లల వాటా పెరిగింది, పుట్టిన ఆడశిశువుల తొలినెల మరణాలు గణనీయంగా తగ్గాయి. అంటే నిర్లక్ష్యం వల్లనో ఉద్దేశపూర్వకంగానో చనిపోవలసిన ఆడశిశువులు కొందరు బతికారు. కాని వారి లెక్క ప్రకారం, అబార్షన్ అయిన ప్రతి 100 ఆడపిండాలకు అలా బతికి బయటపడిన ఆడశిశువులు సుమారు 10 మంది. మిగతా 90 మందినీ, పుట్టి ఉంటే, ఆ ఇళ్లు బహుశా పెంచుకునేవే. గర్భస్రావం శిశుహత్యకు ప్రత్యామ్నాయమన్న వాదం ఇక్కడ పదింట ఒక వంతు నిజం, తొమ్మిది వంతులు అబద్ధం. ఈ ఒక్క అంకెను రెండు పక్షాలూ తమకు కావలసిన సగం మాత్రమే చదువుకోవడం ఈ చర్చ పొడవునా జరుగుతూనే ఉన్నది.

లింగనిర్ధారణను నిషేధించిన 1994 చట్టం 1996 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని గురి సరైనది: నేరం ఆడా మగా చెప్పడంలో ఉంది కాబట్టి, పట్టుకోవలసింది చెప్పినవాణ్ని. 2000 దశకం నడుమ హైదరాబాద్ జిల్లా యంత్రాంగం స్కానింగ్ కేంద్రాలు ప్రతి గర్భిణికీ నింపవలసిన ఫారం ఎఫ్‌లను వరుసపెట్టి తనిఖీ చేసి, లెక్క తేలనివాటిపై చర్య తీసుకున్నప్పుడు ఆ గురి ఎలా పనిచేస్తుందో కనిపించింది. గర్భిణి పేరు, ఆమెకున్న పిల్లలలో ఆడెంతమంది మగెంతమంది, స్కాన్‌కు కారణం, పంపిన డాక్టరు పేరు, ఇన్ని గడులున్న ఆ కాగితంలో ఖాళీగా వదిలిన గడే సాక్ష్యమైంది. ప్రచారం మాత్రం ఆ గురి తప్పింది. ఆసుపత్రి గోడల మీద 'భ్రూణహత్య మహాపాపం' అని రాసిన బోర్డులలో ఆడపిండం అన్న మాట ఎక్కడా ఉండదు. దాని కింద బల్ల మీద కూర్చున్న ఎనిమిది వారాల గర్భిణికి, తాను అడగబోయేది నేరమని ఆ గోడే చెబుతుంది. అంతటితో ఆగక కొన్ని రాష్ట్రాలలో ఔషధ నియంత్రణాధికారుల ఒత్తిడికి భయపడి మందుల దుకాణాలు గర్భస్రావ మాత్రలు ఉంచడమే మానేశాయి. ఆ మాత్రలు తొమ్మిది వారాలలోపు వాడేవి. స్కానింగ్‌లో బిడ్డ ఆడో మగో నమ్మకంగా తెలిసేది పన్నెండు, పదమూడు వారాలు దాటాకే. మాత్ర దొరకకుండా చేయడం వల్ల ఆడపిండాలు బతకలేదు, తొలివారాలలో తేలికగా తీరిపోయే పని ఆలస్యమై అనుమానం పుట్టించే నెలలలోకి జరిగింది. 2018లో ప్రచురితమైన ఒక జాతీయస్థాయి అధ్యయనం 2015లో దేశంలో జరిగిన గర్భస్రావాలు 1.56 కోట్లని, వాటిలో 73 శాతం ఆసుపత్రి బయట మాత్రలతోనే జరిగాయని అంచనా వేసింది. అంటే చట్టం కల్పించిన సౌకర్యంకన్నా స్త్రీలు తమంతట తాము వెతుక్కున్న సౌకర్యమే పెద్దది.

మొదటి ప్రశ్నకు సంబంధించి అమెరికా అనుభవం కూడా సరళంగా లేదు. 1990లో 16 లక్షలున్న గర్భస్రావాలు 2017 నాటికి దాదాపు సగానికి తగ్గాయి. గర్భస్రావం తగ్గితే శిశుహత్య పెరగాలన్న యాంత్రిక సూత్రం నిజమైతే ఆ కాలంలో తొలిరోజు హత్యలు పెరిగి ఉండాలి. కాని ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ లెక్కల ప్రకారం, 1989-98 దశాబ్దంతో పోలిస్తే 2008-17 దశాబ్దంలో వాటి రేటు మూడింట రెండు వంతులు తగ్గింది. 1999లో టెక్సస్‌తో మొదలై అన్ని రాష్ట్రాలకూ పాకిన, పేరు చెప్పకుండా బిడ్డను ఆసుపత్రికో అగ్నిమాపక కేంద్రానికో అప్పగించే చట్టాలు అందుకు కొంత కారణం కావచ్చు. పదహారేళ్లు, పద్దెనిమిదేళ్ల వయసున్న అమ్మాయిల కాన్పులు ఆ కాలంలో సగానికి పైగా తగ్గడం అంతకన్నా పెద్ద కారణం కావచ్చు. ఈ అప్పగింత చట్టాలు ఉన్నప్పుడు గర్భస్రావం అవసరమేమిటన్న ప్రశ్న 2021 డిసెంబరులో ఆ దేశపు సుప్రీంకోర్టు విచారణలోనే వినిపించింది. మరుసటి జూన్‌లో ఆ కోర్టు గర్భస్రావ హక్కును తీసివేసింది. బిడ్డను అప్పగించే తలుపు తొలిరోజు హత్యను ఆపగలదు, తొమ్మిది నెలలు ఆ గర్భం మోసిన అమ్మాయి శరీరాన్నీ జీవితాన్నీ మాత్రం పట్టించుకోదు. టెక్సస్‌లో ఆరువారాల నిషేధం వచ్చిన తర్వాత, 2021, 2022 సంవత్సరాల మధ్య శిశుమరణాలు 12.9 శాతం పెరిగాయి; తక్కిన అమెరికాలో ఆ పెరుగుదల 1.8 శాతమే. అవి హత్యలు కావు, వాటిలో కొన్ని బతకలేని లోపాలున్నాయని ముందే తెలిసినా పుట్టక తప్పని బిడ్డల మరణాలు.

తెలుగు రాష్ట్రాలలో చెత్తకుండీలోనో, బస్టాండు మరుగుదొడ్డిలోనో, కాలువగట్టునో పసికందు దొరికిందన్న వార్త జిల్లా పుటలలో తరచుగా కనిపిస్తుంది. ఆ వార్తలో ఆడశిశువు అన్న మాట ఉంటే పాఠకుడు వెంటనే లింగవివక్ష అనుకుంటాడు, కొన్నిసార్లు అది నిజమే. కాని ఆ బిడ్డల వెనుక పద్దెనిమిదేళ్లు నిండని, కడుపు వచ్చిన సంగతి అయిదవ నెల దాకా ఇంట్లో చెప్పలేని అమ్మాయిలు కూడా ఉంటారు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అటువంటి అమ్మాయి ఆసుపత్రికి వస్తే డాక్టరు పోలీసుకు తెలపక తప్పదు. ఆమె పేరు బయటపెట్టనవసరం లేదని 2022 తీర్పు చెప్పినా, ఆ మాట తాలూకా ఆసుపత్రి దాకా ఇంకా చేరవలసి ఉన్నది. ఆమె ఆసుపత్రి గడప తొక్కకపోవడానికి కారణం చట్టం నిషేధించడం కాదు, చట్టం రక్షించే తీరే ఆమె గుట్టును విప్పడం. ఆ అమ్మాయికి సంబంధించినంతవరకు 1881 నాటి సూరత్‌కూ ఇప్పటికీ దూరం అనుకున్నంత లేదు. 1803లో ఎలెన్‌బరో చట్టం పుట్టుకను దాచినందుకు నిర్ణయించిన గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 1860 శిక్షాస్మృతి 318వ సెక్షన్‌లో అది రెండేళ్లే. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 94వ సెక్షన్‌లోనూ అది రెండేళ్లే.